మా మామగారి రాజ్‌దూత్‌కి నా రిపేరు

ముందు ఆ పకోడీ ప్లేటు ఇటు జరపండి. చెప్పాల్సింది చాలా ఉంది, పైగా నాకు భయం వేసినప్పుడల్లా ఆకలి ఎక్కువవుతుంది. ఈ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ భయమే.

నా ఉద్యోగం మీకు తెలుసు కదా. దిల్‌సుఖ్‌నగర్‌లో బీమా ఆఫీసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండ్ల యాక్సిడెంట్ల ఫైళ్ళు చూడటమే పని. ఎవరు ఎవర్ని ఎక్కడ గుద్దారో చదివీ చదివీ, ఆగి ఉన్న ఆటోని చూసినా నాకు గుండె దడే. ఎల్బీనగర్ చౌరస్తా దాటాలంటే ఎవరైనా పెద్దావిడ కనబడేదాకా ఆగి, ఆవిడ వెనకాల నక్కి దాటుతాను. తోడొచ్చాననుకుని ఆవిడ నన్ను దీవిస్తుంది. నేనూ సిగ్గు లేకుండా దీవెన పుచ్చుకుంటాను.

ఇలాంటి పిరికి పట్టాభికి పాత మోటార్ సైకిల్ బాగుచేయాలన్న కోరిక ఎందుకు పుట్టిందంటారా? అంతా యూట్యూబ్ చేసింది. తుప్పు పట్టిన బండిని ఎవడో ఒకడు టీ చల్లారేలోపు తళతళలాడించేస్తాడు. చూసి చూసి నా చేతులకి కూడా దురద పుట్టింది. బండి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కోనక్కర లేకుండా మా మామగారి షెడ్డులోనే ఒక రాజ్‌దూత్ ఉంది.

మా మామగారి పేరు అంతయ్య. నల్గొండ జిల్లా మనిషి, హయత్‌నగర్ డిపోలో బస్సు నడిపి రిటైరయ్యారు. గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. బంధువులంతా ఆయన్ని 'హారన్ అంతయ్య' అంటారు, ఆయన ఊళ్ళో లేనప్పుడు. ఆయన మాట్లాడితే వీధిలో కుక్కలు పక్కకి తప్పుకుంటాయి. నేనైతే ఆయన దగ్గడం వినగానే తప్పుకుంటాను. తెనాలి నుంచి వచ్చి ఆయన కూతురు గీతని ప్రేమించి పెళ్ళి చేసుకున్నవాణ్ణి కదా, ఇన్నేళ్ళయినా ఆయన ముందు కుర్చీ అంచు మీదే కూర్చుంటాను.

మొన్న బోనాలకి హయత్‌నగర్ వెళ్ళాం. భోజనాల దగ్గర మామగారు ప్రకటన చేశారు.

"ఈ దసరకు నా రాజ్‌దూత్ బయటికి తీస్త. పూజ జేసి, నిమ్మకాయలు తొక్కిచ్చి, మీ అమ్మను ఎన్క కూసోవెట్టుకోని సీద ఊరికి పోత. హైవే మీద."

మా అత్తగారు ముత్తమ్మ చేతిలో గరిటె జారి పులుసులో పడింది. గీత మొహం పాలిపోయింది.

ఎందుకంటే ఆయన ఆ మధ్య మోపెడ్ తీసుకెళ్ళి చెరుకు రసం బండిని గుద్దారు. ఆ బండి తన రూట్లోకి వచ్చిందని ఆయన వాదన. అది కొన్నేళ్ళుగా అదే చెట్టు కింద గొలుసుతో కట్టేసి ఉంది. డాక్టరు ఒక కంట్లో పొర తీశాడు, రెండో కన్ను సంగతి ఎత్తితే చాలు హారన్ మోగుతుంది. మోపెడ్‌ని ఇంట్లోవాళ్ళు ఎలాగో అమ్మించారు గానీ, షెడ్డులో మూలన పడున్న రాజ్‌దూత్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు దాన్ని ఎవరో మంచి మెకానిక్కు ఇస్తానంటున్నారు. వద్దని చెప్పే మొనగాడు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

వాళ్ళంతా వణుకుతుంటే నాకు మాత్రం రాజ్‌దూత్ ట్యాంకు మీద నా మొహం కనబడింది. మామగారు ఒక్కసారి సరదాకి నడిపి పక్కన పెట్టేస్తారు, ఆ తర్వాత బండి నాదే. ఆదివారం పూట పార్కింగులో దాని పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు. నడపడం గురించి నేను ఆలోచించలేదు, నాకు భయం కదా.

ఇక గీతని ఒప్పించాలి. పథకం వేశాను. మర్నాడు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళి చీర కొనిపెట్టాను. తర్వాత మిర్చి బజ్జీ బండి దగ్గర నిలబెట్టి, కారానికి తను మాట్లాడలేని సమయం చూసి మొదలుపెట్టాను.

"గీతా, మీ నాన్నగారి బండి బయట ఇవ్వడం ఎందుకు? మనింట్లో పెట్టుకుని నేనే..."

"తెచ్చుకో."

"పూర్తిగా విను. రెండో బెడ్రూము ఖాళీగానే ఉంది కదా, అందులో..."

"తెచ్చుకోమంటున్న గద."

"నేల మీద ఆయిల్ మరకలు పడతాయేమో..."

"తుడుస్త తియ్."

పెళ్ళాం అడిగిన వెంటనే ఒప్పుకుంటే మగాడు సంతోషించకూడదు, పారిపోవాలి. నేను సంతోషించి ఇంకో ప్లేటు బజ్జీ చెప్పాను.

తను అక్కడే నిలబడి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. "నాయినా, బండి బయట ఇయ్యకు. ఈయన చేస్తడు. ఈయనకు మస్తు తెల్సు." నాకు మస్తు తెలుసట! నేను బాగుచేసిన మిక్సీ అటక మీద సంచిలో ఉంది. నేను బాగుచేసిన ఫ్యాను ఇంకో సంచిలో ఉంది. అయినా ఆ మాట విని నా ఛాతీ పొంగింది.

ఆదివారం ట్రాలీ ఆటోలో రాజ్‌దూత్ దిగింది. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ మురళీకృష్ణ గారు గేటు దగ్గరే నిలబడ్డారు. ఈయన్ని మేం 'నోటీసు మురళీకృష్ణ' అంటాం, తుమ్మినా నోటీసు పెడతాడు. మోటార్ సైకిళ్ళు లిఫ్టులో ఎక్కించరాదని అప్పటికప్పుడు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. సరే, బండిగా ఎక్కించకూడదంటే ముక్కలుగా ఎక్కిస్తానని కిందే విప్పడం మొదలెట్టాను.

విప్పడం ఎంత సుఖమో మీకు చెప్పలేను. పానా తిప్పడం, నట్టు ఊడటం, అంతే. సాయంత్రానికి బండి మొత్తం మా రెండో బెడ్రూములో నేల మీద పరిచేసి ఉంది. తిరనాళ్ళలో కొట్టు పెట్టినట్టుంది. అప్పుడు తట్టింది నాకు, ఏది ఎక్కణ్ణించి తీశానో ఒక్క ఫోటో కూడా తీసుకోలేదని. భయం అక్కడ మొదలైంది.

భయం పోగొట్టుకోవడానికి కడగడం మొదలెట్టాను. పిస్టన్‌ని ఇడ్లీ పాత్రలో వేసి ఉడకబెట్టాను. మెరవాల్సిన వాటికి చింతపండు పట్టించాను. ట్యాంకులో తుప్పు రాలాలంటే గులకరాళ్ళు పోసి ఊపాలని యూట్యూబ్‌లో చెప్పాడు, ఊపాను. కింది ఫ్లాటు వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు. భూకంపం పుకార్లు నమ్మవద్దని మురళీకృష్ణ నోటీసు పెట్టాడు.

ఇంత జరుగుతుంటే గీత ఏమనాలి? తడి తువ్వాలు మంచం మీద వేస్తే మా అమ్మదాకా ఫోన్ చేసే మనిషి ఆవిడ. ఇడ్లీ పాత్ర మూత తీసి పిస్టన్ చూసింది. నేను తలుపు దగ్గరికి జరిగాను.

"ఉడికిందా?" అంది.

"ఇంకా... కాస్త..."

"నిదానంగ కానియ్. మనకు ఇడ్లీలొద్దు, ఉప్మా చేస్త."

ఆ మాటకి నాకు చెమటలు పట్టాయి. అరిస్తే ఏం చేయాలో నాకు తెలుసు, నవ్వితే ఏం చేయాలో తెలీదు.

రోజూ సాయంత్రం మామగారి ఫోను. "యాడిదాంక ఒచ్చింది?"

"ఇంజిన్ దగ్గరున్నామండీ."

నిజంగానే ఇంజిన్ దగ్గరే ఉన్నాను. అది మంచం కింద ఉంది, నేను మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాను.

దానికి తోడు ఇంకో వింత మొదలైంది. సామాన్లు మాయమవుతున్నాయి. పొద్దున చూసిన నట్టు సాయంత్రానికి ఉండదు. ఒకరోజు కిక్ రాడ్డు పోయింది, ఇంకోరోజు క్లచ్ తీగ పోయింది. ఆ రోజుల్లో మా అత్తగారు సర్వపిండి డబ్బా పట్టుకుని తరచూ వచ్చేవారు. పాపం, బండి దగ్గర పీట వేసుకుని ముచ్చటగా చూసేవారు. "అత్తయ్యగారూ, ఈ బండిలో ఏదో ఉందండీ" అన్నాను గొంతు తగ్గించి. "ఉండొచ్చు బిడ్డా, పాత బండి గద" అన్నారు ఆవిడ తమలపాకు నములుతూ. నేను భయంతో ఆ గది గుమ్మానికి నిమ్మకాయ కట్టాను.

దసరా దగ్గరపడింది. ఇక లాభం లేదని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి శ్రీకర్ అనే మెకానిక్ కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. ఇంటికొచ్చి బిగించి ఇస్తానన్నాడు. పండగ ముందు రోజంతా ఆఫీసుకి సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చావు ఎదురుగా వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

"గీతా, నేను తెనాలి వెళ్ళిపోతాను. మా అమ్మకి బాగోలేదని చెప్పు."

"మీ అమ్మ ఇప్పుడే ఫోన్ జేసింది. గారెలు చేస్తున్నదంట."

"అయితే నాకే బాగోలేదని చెప్పు."

"పరేషాన్ గాకు. రేపు ఉన్నకాడికి నిలవెడదాం. చక్రాలు, ట్యాంకు, సీటు ఉన్నయ్ గద. ఇంజిన్ జాగల మన పాత కుక్కర్ పెట్టి బంతిపూలు కప్పుదాం. నాయినకు జర దూరంకెల్లి చూపిద్దాం."

ఎంత మంచి ఇల్లాలండీ! నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

దసరా పొద్దున సెల్లారంతా పండగే. కార్లు కడిగినవాళ్ళు, స్కూటర్లకి దండలు వేసినవాళ్ళు, గుమ్మడికాయలు కొట్టేవాళ్ళు. మా రాజ్‌దూత్ ఒక స్తంభానికీ గోడకీ మధ్య ఇరికించి ఉంది. చట్రాన్ని వెనక నుంచి బట్టలారేసే తాడుతో స్తంభానికి కట్టాం. కుక్కర్‌ని మధ్యలో కూర్చోబెట్టి, ఈల తప్ప ఏదీ కనబడకుండా బంతిదండలు చుట్టాం. చూడ్డానికి బండి లాగే ఉంది, ముట్టుకోనంత వరకూ.

మామగారు తెల్ల ధోవతి, నల్ల కళ్ళద్దాలతో దిగారు. వెనకాల పూజ పళ్ళెం పట్టుకుని అత్తగారు. దూరం నుంచి చూపిద్దామనుకున్నాం గానీ, ఆయన ఏనాడు దూరంగా నిలబడ్డారు గనక! నేరుగా బండి మీదికొచ్చేశారు.

చక్రాలకి బొట్లు పెట్టారు. ట్యాంకుకి పెట్టారు. తర్వాత వంగి దండల మధ్యలోకి తొంగి చూశారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇంకా దగ్గరికి వంగారు. కుక్కర్ ఈల చుట్టూ పసుపు రాసి, మధ్యలో శ్రద్ధగా కుంకుమ పెట్టారు.

"కార్బరేటర్ మంచిగ కడిగినవయ్యా. అద్దం లెక్క మెరుస్తున్నది" అన్నారు.

గీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటిదాకా నేను ఆయన్ని చూసి భయపడ్డాను. ఆ క్షణం నుంచి ఆయన గురించి భయం పట్టుకుంది. జానెడు దూరంలో కుక్కర్‌కీ కార్బరేటర్‌కీ తేడా తెలియని మనిషి, అత్తగారిని వెనక ఎక్కించుకుని, లారీలు ఉరికే హైవే మీద ఊరికి వెళ్తానంటున్నాడు. ఇలాంటి ఫైళ్ళు నేను రోజూ చూస్తాను. ఆఖరి కాగితం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాటిల్లో ఒకదాని మీద అంతయ్య అన్న పేరు కనబడింది నాకు.

"నిమ్మకాయలు పెట్టుండ్రి" అన్నారు మామగారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండితో తొక్కించనిదే పూజ అయినట్టు కాదు కదా. అత్తగారు రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. ఆయన ధోవతి ఎగ్గట్టి బండి ఎక్కారు. కిక్ రాడ్డు కోసం కాలితో వెతికారు. లేని రాడ్డు ఎలా దొరుకుతుంది? కాలు కుక్కర్‌కి తగిలింది.

కుక్కర్ కింద పడింది. మూత ఊడి, సెల్లారంతా గింగిరాలు తిరుగుతూ వెళ్ళి నోటీసు మురళీకృష్ణ కారు కింద ఆగింది. అందరూ గుమ్మడికాయలు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏందయ్యా అది?"

"కుక్కర్ నాయినా" అంది గీత.

"నా బండిల కుక్కర్ ఎందుకున్నది?"

జవాబు నేనే చెప్పాలి. చెప్పాను కూడా, ఆ ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో. "ఇంజిన్ పైన మంచం కింద ఉందండీ మామయ్యగారూ. అవ్వలేదు."

"ఎప్పుడైతది?"

"చెప్పలేనండీ. వచ్చే దసరాకి అవ్వకపోవచ్చు. ఆ పై దసరాకి కూడా అవ్వకపోవచ్చు."

హారన్ మోగుతుందని కళ్ళు మూసుకున్నాను. మోగలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన రెండు చేతులా హ్యాండిల్ బిగించి పట్టుకుని ఉన్నారు. నా చెవి దగ్గరికి వంగారు.

"తొందరేం లేదు అల్లుడా. గిసొంటి పని నిదానంగ చెయ్యాలె" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా. తర్వాత నా భుజం గట్టిగా పట్టుకుని దిగారు. ఆయనకీ భయమేనని అప్పుడు తెలిసింది. అందరి ముందూ ప్రకటించేశారు, వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. దిగాక మాత్రం సెల్లారంతా అదిరేలా, ఈ కాలం పోరగాండ్లకు పానా పట్టుకోవడమే రాదని నన్ను తిట్టారు. ఆ తిట్లు నాకు చల్లగా తగిలాయి.

పైకొచ్చాక నేను వంటింట్లోకి వెళ్ళి గీత ముందు నిలబడ్డాను. మీసం ఉంటే దువ్వేవాణ్ణి.

"చూశావా? మీ నాన్నగారి ప్రాణం కాపాడాను. ఆ బండి ఎప్పటికీ బాగుచేయకూడదని నేను నిర్ణయించుకున్నాను."

గీత వాళ్ళమ్మ వైపు చూసింది. ఇద్దరూ పొయ్యి గట్టు పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. అత్తగారికైతే పొలమారింది.

"నువ్వు గిప్పుడు నిర్ణయించుకున్నవా?" అంది గీత కళ్ళు తుడుచుకుంటూ. "నేను బోనాల నాడే నిర్ణయించిన. నాయినకు వద్దని ఎవరు చెప్తరు? మెకానిక్కు ఇస్తే వారంల చేసిస్తడు. చేతికిచ్చినా చెయ్యని మనిషి ఎవరున్నరని చూసిన. నువ్వే కనవడ్డవ్."

"అంటే... మస్తు తెల్సు అని చెప్పావు కదా?"

"అట్ల చెప్పకుంటె ఇస్తడా?"

"మరి శ్రీకర్?"

"గేటు కాడికి ఒచ్చిండు. బండి అమ్మినమని చెప్పి చాయ్ తాగిచ్చి పంపిన."

నేను పీట మీద కూలబడ్డాను. అప్పుడు అత్తగారు నడుముకి దోపుకున్న తమలపాకుల సంచి తీసి నా ముందు బోర్లించారు. వక్కలతో పాటు నట్లు, స్ప్రింగు, చుట్ట చుట్టిన క్లచ్ తీగ పడ్డాయి.

"కిక్ రాడ్డు ఇంట్ల బియ్యం డబ్బల ఉంది బిడ్డా" అన్నారు. "ఎందుకైనా మంచిదని ఒచ్చినప్పుడల్లా ఒకటి ఎత్తుకపోయిన."

"నేను చెప్పిన గద అమ్మా, అవసరం లేదని. ఈయన మీద నాకు పూర్తి నమ్మకముండె" అంది గీత.

"మరి తిట్లన్నీ నాకు పడ్డాయి కదా గీతా! సెల్లార్లో అందరి ముందూ!"

"తిట్లు నీకు పడ్డయ్, పానం ఆయనకు దక్కింది. ఏది నయం?" అంది. ఆ మాట అంటూ కొంగుతో మళ్ళీ కళ్ళు తుడుచుకుంది, ఈసారి నవ్వొచ్చి కాదు. ఇన్నాళ్ళూ ఉప్మా వండిన మనిషి ఎంత భయంతో వండిందో నాకు అర్థమైంది. సర్వపిండి ముక్క ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అత్తగారు నా పక్కన కూర్చుని, "అల్లుడా, నీతోని ఇంకో పనివడ్డది" అన్నారు.

అల్మాస్‌గూడలో ఆవిడ అన్నగారు మట్టయ్య ఉన్నారు. మా మామగారికంటే పెద్ద, చెవులు సరిగ్గా వినబడవు. షెడ్డులో పాత స్కూటర్ ఉంది, ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని బయటికి తీసి దోస్తుల ఇళ్ళకి తిరుగుతానంటున్నాడట. పిల్లలు వద్దంటే వినడట. "నీ చెయ్యి జర దానికి గూడ తగిలియ్యి బిడ్డా" అన్నారు చేతులు జోడించి.

కాదనగలనా? ఆదివారం ట్రాలీ ఆటో వచ్చింది. స్కూటర్‌తో పాటు మట్టయ్యగారు కూడా దిగి, సెల్లార్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గీత, అత్తగారు, మట్టయ్యగారి కోడలు వరసగా నిలబడ్డారు. ఈసారి నాకు భయం లేదు. బాగుచేయకపోవడమే నా పని, అందులో నన్ను మించినవాడు లేడు.

స్పార్క్ ప్లగ్గు విప్పాను. చూపించడానికన్నట్టు లుంగీ అంచుతో తుడిచాను. మళ్ళీ బిగించాను. పెద్దాయన తృప్తి కోసం ఒక్క కిక్కు కొట్టాను.

స్టార్టయింది.

నా జన్మలో నేను బాగుచేసిన మొదటి వస్తువు అది. సెల్లారంతా పొగ, మోత. మట్టయ్యగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆయన కోడలు ఏడుపు మొదలెట్టింది. అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. గీత నా వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

"బంద్ చెయ్యవయ్యా!" అని అరిచింది.

"ఎలా ఆపాలో తెలీడం లేదు గీతా!" అన్నాను హ్యాండిల్ వదలకుండా. మట్టయ్యగారికి ఇద్దరి మాటా వినబడలేదు. ఆయన అప్పటికే వెనక సీటు మీద చెయ్యి వేసి, కాలు ఎత్తుతున్నారు.